పారిపోయే కార్డు

లారీ రాలేదు.

పనసగెడ్డ దగ్గర తారురోడ్డు మలుపు తిరిగే చోట కాఫీ పళ్ళ బస్తాలు గట్టుకి ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. పొద్దున్నే కోసిన పళ్ళు. ఎండ నడినెత్తి దిగి సిల్వరోకు చెట్ల వెనక్కి వాలింది గాని, ఏ మలుపులోనూ లారీ చప్పుడు వినపడలేదు. కనకత్త ఒక బస్తా మూతి విప్పి మోచేతి దాకా లోపలికి పెట్టి, ఆ చెయ్యి తీసి సిల్వియా చెంపకి ఆనించింది. వేడిగా తగిలింది. పళ్ళు అప్పుడే ఉడుకెత్తాయి. చీకటి పడేలోగా తొక్క తీసే మిషను దగ్గరికి చేరకపోతే పులిసిపోతాయి. పులిసిన పళ్ళని రైతుల సంఘం ముట్టుకోదు.

"నువ్వు సెప్పినట్టే ఫోనులో నొక్కినాను గదే గుంటా," అంది కనకత్త. కోపంగా అనలేదు. అందుకే సిల్వియాకి ఇంకా కష్టమనిపించింది.

గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ సిల్వియా వైపే చూస్తున్నారు. ఆదివారం చర్చిలో లేచి వాక్యం చదవమంటేనే నోరు పెగలని పిల్ల. అన్ని కళ్ళు ఒక్కసారి మీద పడేసరికి తల దించుకుని, డ్రైవరు సోంబరుకి ఫోను కలిపింది. సోంబరు మిషను దగ్గరే ఉన్నాడు. మీ ఊరి నుంచి పిలుపు వచ్చిన మాట నిజమే, వచ్చీ రాగానే మీరే వద్దనేశారు, అందుకని బండిని వేరే ఊరికి తిప్పాను, ఇప్పుడు వెనక్కి రావడానికి వీలు పడదు అన్నాడు. ఎవరు వద్దన్నారు అని అడిగితే, మీ యాప్ సంగతి నాకేం తెలుసు అని నవ్వి పెట్టేశాడు.

ఇలాంటి వాసన సర్వేశ్వరరావుకి ఎలా తగులుతుందో తగులుతుంది. పొద్దు గూకే వేళకి ఆయన జీపు మెల్లగా కొండ దిగి వచ్చి బస్తాల ముందు ఆగింది. ఎన్నో ఏళ్ళుగా ఈ కొండ మీద పంటంతా ఎత్తుకుపోయిన షావుకారు. పోయినేడాది సంఘం లారీ మొదలయ్యాక ఇటు రావడం మానేశాడు. ఇప్పుడు దిగి, ఒక పండు నలిపి వాసన చూసి, అయ్యో అయ్యో అని నాలుక చప్పరించి, తనకి తోచిన ధర చెప్పాడు. వేరే దారి లేదు. బస్తాలు జీపెక్కాయి.

జీపు వెళ్ళాక చిన్నమ్మి చీర దులుపుకుని లేచింది. ఆ ఊళ్ళో ఎవరూ అనడానికి జంకే మాట అనేది ఆవిడే.

"సూడు సిల్వియా. వచ్చే కోతకి గూడా బండి రాకపోతే మేం పాతదారే పడతాం. నీ ఫోనూ, నీ బొమ్మలాటా నువ్వే ఉంచుకో."

బొమ్మలాట అన్న మాట సిల్వియాకి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ యాప్‌లో ఆమె చేసిన పని అచ్చంగా అదే.

ఇంటరు అయ్యాక డుంబ్రిగుడలో సంఘం ఆఫీసులో పని దొరికింది. విశాఖపట్నంలో ఉండే కెవిన్ అనే ఇంజనీరు సంఘానికి యాప్ తయారు చేస్తున్నాడు. ఊళ్ళ సంగతి తెలిసిన పిల్ల ఒకతె కావాలన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు గనక సిల్వియా బేగి నేర్చుకుంది. కొన్నాళ్ళకి కెవిన్ ఆమెకంటూ ఒక పని అప్పగించాడు. తెర మీదకి ఏదైనా వచ్చేటప్పుడు ఎలా రావాలి, పోయేటప్పుడు ఎలా పోవాలి, అదీ ఆ పని. ఉన్నట్టుండి ఊడిపడితే చూసేవాళ్ళు ఉలిక్కిపడతారు. ఉన్నట్టుండి మాయమైతే ఏం జరిగిందో తెలీదు. అందుకని వచ్చేది వస్తున్నట్టు, పోయేది పోతున్నట్టు కనిపించాలి. అది కూడా కన్ను ఆర్పేంత సేపట్లో.

ఆ కన్ను ఆర్పేంత సేపు కోసం ఆమె రోజుల తరబడి కూర్చుంది. కనకత్త ఫోనులో ఊరి పేరుతో ఒక ఆకుపచ్చ కార్డు ఉంటుంది. ఎన్ని బస్తాలో చూసి 'లారీ పిలు' అని నొక్కాలి. నొక్కగానే కార్డు కుడివైపుకి జారుతుంది. మొదట మెల్లగా, తరవాత జోరుగా, చివర్లో తెర అంచు దాటుతూ పలచబడి పోతుంది. ఖాళీ అయిన తెర మధ్యలో ఒక టిక్కు గుర్తు మొగ్గలా వచ్చి, విచ్చుకుని, అదీ కరిగిపోతుంది. పొరపాటున నొక్కినవాళ్ళు జారిపోతున్న కార్డుని వేలితో వెనక్కి లాగితే పిలుపు రద్దవుతుంది. లాగడం అన్నది కెవిన్ ఆలోచన, జారడం మాత్రం పూర్తిగా సిల్వియాదే. ఆఫీసులో అందరూ బాగుందన్నారు. కెవిన్ అయితే పట్నంలో వాళ్ళ మేనేజరుకి కూడా చూపించాడట.

ఆ కార్డే పనసగెడ్డ లారీని మళ్ళించేసింది.

మర్నాడు చర్చి మెట్ల మీద, సిగ్నలు అందే చోట నిలబడి ఆమె కెవిన్‌కి ఫోను చేసింది. కెవిన్ అప్పటికే చూసి ఉంచాడు. పిలుపు వచ్చింది, ఆ వెంటనే వెనక్కి లాగారు, యాప్‌లో తప్పేం లేదు అన్నాడు. వాళ్ళకి కాస్త ట్రైనింగ్ ఇవ్వమన్నాడు. కార్డు మరీ మెల్లగా పోతోందేమో, వేగం పెంచి చూడమని కూడా అన్నాడు. సిల్వియా అన్నిటికీ సరే సార్ అంది. ఫోను పెట్టేశాక, చెప్పాలనుకున్నవన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

వేగం పెంచింది. పెంచి, ఉత్తుత్తి పిలుపులతో పరీక్ష చేసుకునేలా మార్చి, కనకత్త ఇంటికి వెళ్ళింది. కనకత్త కళ్ళంలో కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తోంది. చేతులు తుడుచుకుని ఫోను అందుకుని, బొటనవేలితో నొక్కింది. కార్డు జారింది. జారిన కార్డు మీద ఆ బొటనవేలు అలాగే పడి, గట్టిగా వెనక్కి లాగింది. 'పిలుపు రద్దయింది' అని తెర మీద ఎర్రగా వచ్చింది.

నొక్కాక చెయ్యి తీసెయ్యాలత్తా అని సిల్వియా చెప్పింది. కనకత్త బుద్ధిగా తలూపింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లాగింది. జారుడు ఎంత జోరు చేస్తే కనకత్త బొటనవేలు అంత జోరుగా దాని వెంట పడింది. అరవై ఏళ్ళ చేతికి అంత చురుకు ఎక్కడిదో సిల్వియాకి అర్థం కాలేదు. పక్కింటి అరుగు మీంచి చిన్నమ్మి ఇదంతా చూస్తూ, కోడిపిల్లని పట్టినట్టు పడతంది మీ అత్త అని నవ్వింది.

సిల్వియాకి ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్ళి జారుడు మొత్తం తీసి పారేసింది. నొక్కగానే కార్డు మాయం. ఇక లాగడానికి ఏమీ ఉండదు గదా. మర్నాడు కనకత్త నొక్కింది. కార్డు మాయమైంది. కనకత్త ఒక్క క్షణం తెల్లటి తెర వైపు చూసి, కార్డు ఉన్న చోట ఒక పోటు పొడిచింది. పక్కన పొడిచింది, కింద పొడిచింది. ఏం నొక్కిందో ఏమో యాప్ మూసుకుపోయి, క్రిస్మస్ నాటి ఫోటో ఒకటి తెరుచుకుంది. "పోయిందే," అని ఫోను సిల్వియా ఒళ్ళో పెట్టేసింది, చచ్చిన పిట్టని పెట్టినట్టు.

ఆ తరవాత పెద్ద పెద్ద అక్షరాలతో 'మీ లారీ బయలుదేరుతుంది' అని వచ్చేలా చేసింది. వచ్చి, కాసేపు నిలిచి, కరిగిపోయేలా. కనకత్త వయోజన విద్యలో చదువుకున్న మనిషి. అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది. 'మీ' అంది. 'లా' అంది. 'రీ' అనేలోగా అక్షరాలు పలచబడడం మొదలుపెట్టాయి. పోతున్న అక్షరాల మీద ఠపీమని అరచెయ్యి వేసి కప్పింది. చెయ్యి తీసి చూస్తే ఏమీ లేదు.

"సదవనియ్యదేటే ఇది?"

సిల్వియాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అక్కణ్ణించి లేచి వచ్చేసింది. ఫోను మీదా కోపమే, కనకత్త వేలి మీదా కోపమే, అన్నిటికీ సరే సార్ అనే తన నోటి మీద మరీ కోపం. తోటలో పళ్ళు మళ్ళీ ఎర్రబడుతున్నాయి. కోత ఇంకెంతో దూరం లేదు.

సంత రోజు కనకత్త అల్లం బస్తా తీసుకుని బయలుదేరుతూ, తోడు రమ్మంది. సిల్వియాకి మనసు లేదు గాని కాదనలేక వెళ్ళింది. జనం కిటకిటలాడుతున్నారు. అల్లం కొనేవాడి దగ్గర కూలీ ఒకడు వచ్చి బస్తా ఎత్తి భుజాన వేసుకున్నాడు. కనకత్త ఆ బస్తా మీద ఎడమ చెయ్యి వేసి, వాడి పక్కనే నడిచింది. వాడు కాటా మీద పెట్టాడు. చెయ్యి బస్తా మీదే ఉంది. తూకం వేసేవాడు, నీ చెయ్యి బరువు గూడా తూగుతుందమ్మా తియ్యి అంటే, చెయ్యి అంగుళం పైకి లేచి బస్తా మీద గాలిలో నిలబడింది. తూకం అవగానే మళ్ళీ దిగింది. కుడి చెయ్యి మాత్రం అంతసేపూ ముందుకి చాచే ఉంది. ఆ అరచేతిలో తూకం చీటీ పడింది. పడ్డాక, వేళ్ళు మూసుకున్నాక, అప్పుడు ఎడమ చెయ్యి బస్తాని వదిలింది.

పక్కన చింతపండు తెచ్చిన ఆవిడా అంతే. ఆ పక్కన చీపుళ్ళు తెచ్చిన ఆవిడా అంతే. సిల్వియా పుట్టినప్పటి నుంచీ ఈ సంతకి వస్తోంది. తను కూడా చిన్నప్పుడు అమ్మ చెప్తే బస్తా మీద చెయ్యి వేసుకుని నడిచింది. ఒకప్పుడు కొట్టు వెనక్కి వెళ్ళిన బస్తా తేలికై తిరిగొచ్చేదనీ, ఒక్కోసారి అసలు తిరిగొచ్చేదే కాదనీ, అడిగితే ఏ బస్తా అనేవారనీ ఇంట్లో ఎన్నోసార్లు విన్నది. ఇప్పుడు కాటాలు బాగానే ఉన్నాయి. అయినా చెయ్యి తియ్యరు.

తిరిగి వస్తూ ఆటోలో, జనం మధ్య ఇరుక్కుని కూర్చుని, సిల్వియా మెల్లగా అడిగింది.

"అత్తా, ఆ కార్డుని ఎందుకు లాగుతావు?"

కనకత్త వింతగా చూసింది. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"మరి ఎల్లిపోతంటే లాగనా? నా బస్తాలు అందులోనే రాసున్నాయంటివి. సేతిలో ఏటీ పెట్టకండా అటు మూలకి ఎల్లిపోతంది. సూస్తా కూసుంటానా?"

సిల్వియాకి కారణం తెలిసినందుకు సంతోషం రావలసింది. రాలేదు. ఇంత చిన్న సంగతి కోసం లారీ పోయింది, పళ్ళు పోయాయి, తను అన్ని రోజులు కూర్చుని అందంగా జార్చిన కార్డు వీళ్ళ కళ్ళకి బస్తా ఎత్తుకుపోతున్న దొంగలా కనిపించింది. ఎవరి మీద విసుక్కోవాలో కూడా తెలీలేదు.

అయినా మర్నాడు కూర్చుని, వరస తిరగరాసింది. నొక్కగానే ముందు చీటీ రావాలి. తెర కింది నుంచి పైకి, అరచేతిలోకి వచ్చినట్టు. దాని మీద సోంబరు పేరు, బండి నంబరు ఉండాలి. అది వచ్చి నిలబడేదాకా కార్డు కదలకూడదు. వచ్చాక కూడా కార్డు మీద వేలున్నంతసేపూ అక్కడే ఉండాలి. వేలు తీశాకే చిన్నదై చీటీలోకి వెళ్ళాలి. లాగితే రద్దయ్యే పద్ధతి పోవాలి. రద్దుకి వేరే బటన్ ఉంటే చాలు. చీటీ మాత్రం బండి వచ్చేదాకా ఎక్కడికీ పోకూడదు.

కెవిన్ ఒప్పుకోలేదు. సిల్వియా చర్చి మెట్ల మీద నిలబడి వింటుంటే ఫోనులో నెమ్మదిగానే వివరించాడు. పాతది పోతుంటే కొత్తది రావాలి, రెండూ ఒకేసారి తెర మీద ఉంటే ఇరుకుగా ఉంటుంది, ఎక్కడ చూడాలో తెలీదు, ఏ పుస్తకంలో చూసినా ఇదే చెప్తారు అన్నాడు. ఆ మాట తప్పు కాదని సిల్వియాకీ తెలుసు. తను నేర్చుకున్నదీ అదే. సరే సార్ అనబోయింది. రోడ్డు మీద చిన్నమ్మి కట్టెల మోపుతో పోతూ ఇటే చూస్తోంది.

"వద్దు సార్," అంది సిల్వియా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ముందు చేతిలో పెట్టాలి సార్. పెట్టాకే తీసుకెళ్ళాలి."

"ఎవరి చేతిలో?" అన్నాడు కెవిన్.

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. మెట్లెక్కింది, దిగింది, ఫోను పైకెత్తి పట్టుకుంది. ఇన్నాళ్ళకి నోరు పెగిలితే సిగ్నలు పోయింది. చివరికి సంతలో చూసిందంతా ఉన్నదున్నట్టు రాసి మెసేజ్ పెట్టింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. మీ ఊరి ఒక్క ఫోనులో పెట్టి చూద్దాం, ఈసారి కూడా రద్దయితే వచ్చేవీ పోయేవీ మొత్తం పీకేసి మామూలు ఫారం పెట్టేస్తాను అని.

కోత రోజు వచ్చింది. బస్తాలు రోడ్డు గట్టుకి చేరాయి. ఆడవాళ్ళందరూ కనకత్త చుట్టూ మూగారు. కనకత్త చెయ్యి చీరకి తుడుచుకుని, బొటనవేలితో నొక్కింది. కింది నుంచి చీటీ మెల్లగా పైకి వచ్చి నిలబడింది. కార్డు కదలలేదు. కనకత్త చీటీ వైపు చూసింది. వేలు పెట్టి చదవడానికి ఆ చెయ్యి ఖాళీ లేదు గనక పెదాలతోనే కూడబలుక్కుంది. "సోం-బ-రు," అంది. చీటీ ఎక్కడికీ పోలేదు. రెండోసారి కూడా చదివింది.

సిల్వియా ఆ వేలి వైపే చూస్తోంది. ఇక వేలు తీస్తుంది. తీస్తే కార్డు చిన్నదై, వంపు తిరిగి, చీటీ మూలలోకి ఒదుగుతుంది. ఆ వంపు కోసం ఎంత తంటాలు పడిందో ఆమెకే తెలుసు.

కనకత్త వేలు తియ్యలేదు.

"అత్తా, పిలుపు వెళ్ళిపోయింది. ఇంక తియ్యొచ్చు."

"బండి రానీ."

"తీసినా వస్తుందత్తా. చీటీ వచ్చింది గదా."

"ఇది పోటోలో సీటీ. రానీ."

గట్టు మీద కూర్చుంది కనకత్త. బొటనవేలు ఫోను మీద, ఫోను ఒళ్ళో. దాహమేస్తే ఎడమ చేత్తో చెంబు ఎత్తుకుని తాగింది. ముక్కు మీద ఈగ వాలితే సిల్వియా చేత తోలించుకుంది. ఆడవాళ్ళు మొదట వింతగా చూశారు, తరవాత వరసపెట్టి ఆటపట్టించారు. బంక పట్టుకుందేటి కనకప్పా అని ఒకతె, రాత్రికి అన్నం ఎవులు తినిపిస్తారు అని ఇంకొకతె. చిన్నమ్మి మాత్రం నవ్వలేదు. పక్కన కూర్చుని, తియ్యకు, అలాగే ఉంచు అంది. సిల్వియాకి బ్యాటరీ భయం పట్టుకుంది. ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. వేలు తియ్యమంటే తియ్యదు, తెర ఆరదు. ఆరకుండా తనే చేసింది. ఫోను ఆరిపోతే చీటీ పోతుంది, చీటీ పోతే ఈవిడ నమ్మకం పోయి, సోంబరుకి ఫోను చేయించి బండి వద్దనేస్తుంది. అత్తా నీకు దండం పెడతాను అని నిజంగానే చేతులు జోడించింది. కనకత్త ఆ చేతుల వైపు చూసి, జాలిగా నవ్వి, వేలు ఇంకాస్త గట్టిగా నొక్కింది.

అలాగే కూర్చుని ఉండగా కింది మలుపులో హారను వినపడింది.

లారీ వచ్చి ఆగింది. సోంబరు దిగి, ఏటి కనకప్పా, ఫోను సూపించు, నంబరు సూడాలి అన్నాడు. కనకత్త ఫోను చాచింది, వేలు తియ్యకుండానే. వేలు తియ్యవా అంటే ముందు బస్తాలెక్కించు అంది. సోంబరు సిల్వియా వైపు చూశాడు. సిల్వియా తల అడ్డంగా ఊపింది, నన్నేమీ అడక్కు అన్నట్టు. బస్తాలన్నీ ఎక్కాయి. సోంబరు సీటు కింది నుంచి పుస్తకం తీసి, కాగితం చీటీ రాసి, చింపి ఇచ్చాడు. కనకత్త ఎడమ చెయ్యి చాచింది. చీటీ పడింది. వేళ్ళు మూసుకున్నాయి.

అప్పుడు కుడి బొటనవేలు లేచింది.

కార్డు చిన్నదైంది. వంపు తిరిగింది. ఎక్కడా తొట్రుపడకుండా, సిల్వియా అనుకున్నది అనుకున్నట్టుగా చీటీ మూలలోకి ఒదిగింది. కనకత్త దాన్ని చూడలేదు. కాగితం చీటీని రవికలో పెట్టుకుంటూ లారీ వెనక తలుపు సరిగ్గా పడిందో లేదో చూస్తోంది. ఆడవాళ్ళెవరూ చూడలేదు. సోంబరు చూడలేదు. ఫోను సిల్వియా చేతికి వచ్చేసరికి అంతా అయిపోయి, చివరి మెరుపు మాత్రమే ఆమె కంటపడింది. ఆ వెంటనే బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది.

లారీ కదిలాక చిన్నమ్మి లేచి, వచ్చే కోతకి నానూ ఒక సెయ్యి వేస్తాను, కనక ఒక్కతీ ఎంతసేపని పట్టుకుంటాది అంది. కనకత్త సరే అంది. ఇద్దరూ ఎవరు ఏ వేలు పెట్టాలో మాట్లాడుకుంటూ ఇంటిదారి పట్టారు.

సాయంత్రం చర్చి మెట్ల దగ్గర సిల్వియా ఫోను మోగింది. కెవిన్. లారీ వెళ్ళిందట కదా, చాలా సంతోషం, యానిమేషన్ చూసి వాళ్ళేమన్నారు అని అడిగాడు.

సిల్వియాకి చాలా చెప్పాలనిపించింది.

"ఈసారి ఏదీ పోలేదన్నారు సార్," అంది.